సదరు ఎవరు? ఎక్స్ఎంఎల్‌లో పేర్ల ఇలాకాల తారీఖు

మా నానా, అంటే మా అమ్మీ వాళ్ల అబ్బా, దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు కచేరి బయట వేపచెట్టు కింద ఆయన మేజా ఉండేది. "సదరు" అనే మాట లేకుండా ఆయన ఒక్క కాగితం కూడా రాసి ఎరగరు. సదరు భూమి, సదరు ఆసామి, సదరు తూర్పు హద్దు. ఒకసారి ఒక రైతు తన దస్తావేజులోని చివరి రెండు కాగితాలు పట్టుకొచ్చి చదివి చెప్పమన్నాడు. మొదటి కాగితం ఎలుకలు కొట్టేశాయట. నానా చదివారు. "సదరు ఆసామి సదరు భూమిని సదరు మొత్తానికి" అని ఉంది. మొహరు సహీగా ఉంది, దస్కతు సహీగా ఉంది. సదరు ఎవరో మాత్రం లేదు. ఆ పేరు, ఊరు, సర్వే నంబరు అన్నీ పోయిన కాగితంలో ఉన్నాయి. "దీన్ని చదవడం నాకొచ్చు బాబూ, చెప్పడం రాదు. దఫ్తరులో నకలు కోసం అర్జీ పెట్టుకో" అని పంపించేశారు.

చాలా ఏళ్ల తర్వాత నా కంప్యూటరు తెర మీద అదే తకరారు ఇంకో జబానులో కనిపించింది: "డబ్ల్యూపీ అనే ప్రిఫిక్స్ నిర్వచించబడలేదు." పెద్ద పెద్ద ఎక్స్ఎంఎల్ ఫైళ్లతో పనిచేసేవాళ్లకు ఈ ఫిర్యాదు మామూలే. దీన్ని ఎలా సరిచేయాలో ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. అసలు ఈ ఫిర్యాదు ఎందుకు పుట్టింది, ఎవరి ఫైసలా వల్ల పుట్టింది అన్నది తెలిస్తే ఆ సలహాల్లో ఏది సహీ, ఏది గలత్ అని తేల్చుకోవచ్చు. నాకు తెలియక నేను పడిన నష్టం కూడా చెబుతాను. దానికి ముందు కొంత తారీఖు.

ఈ ఖాందాన్‌కు మూలపురుషుడు ఒక వకీలే కావడం నాకు సరదాగా అనిపిస్తుంది. చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ అమెరికాలో లా చదివి, వకాల్తా చేసి, తర్వాత ఐబీఎంలో చేరాడు. 1969లో ఆయన, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి న్యాయవాదుల దఫ్తరు కాగితాలను కంప్యూటరులో దాచి వెతికే పనిలో ఉన్నారు. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో రాత పద్ధతి. ఒకదాని రాత ఇంకోదానికి అర్థం కాదు. దాంతో వాళ్లు రాతలోని ప్రతి భాగానికీ అది ఏమిటో చెప్పే చీటీ తగిలించే పద్ధతి తయారుచేశారు. దాని పేరు జీఎంఎల్. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కూడా అవే. అది పెరిగి పెద్దదై 1986లో ఎస్జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణం అయింది, ఐఎస్ఓ 8879. ప్రచురణ సంస్థలు, సైన్యం, విమానాల కంపెనీలు వాడాయి. మామూలు మనిషికి అది బిల్కుల్ అందలేదు. అంత జటిలం.

1996లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసే జాన్ బోసాక్ ముందుండి, వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం నీడలో ఒక చిన్న జమాత్‌ను కూడగట్టాడు. పదకొండు మంది సభ్యులు. వాళ్లకు మషూరా ఇచ్చే పెద్ద గుంపు వేరే. ఆ పదకొండు మందీ ఒకచోట కూర్చుని పని చేయలేదు, వారం వారం ఫోన్లో బహస్, మిగతాదంతా ఈమెయిల్. ఆగస్టు నుంచి నవంబరు లోపల ముఖ్యమైన ఫైసలాలన్నీ అయిపోయాయి. పేరు మీద కూడా తగాదా నడిచింది. మాగ్మా, స్లిమ్ లాంటి పేర్లు ముందుకొచ్చాయి. చివరికి ఎక్స్ఎంఎల్ ఖరారైంది. ఆ పేరు సూచించింది జేమ్స్ క్లార్క్, జమాత్‌కు సాంకేతిక విషయాల్లో ఉస్తాద్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు. సంపాదకుల్లో ఒకరైన టిమ్ బ్రే మధ్యలో నెట్‌స్కేప్ కంపెనీకి సలహాదారుగా చేరితే మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. చివరికి మైక్రోసాఫ్ట్ మనిషి జాన్ పావొలీని మూడో సంపాదకుడిగా చేర్చి రాజీ కుదిర్చారు. 1998 ఫిబ్రవరి 10న ఎక్స్ఎంఎల్ 1.0 వెలువడింది.

ఆ ప్రమాణంలో ఒక చిన్న ఖాళీ జాగా వదిలారు. ట్యాగు పేరులో కోలన్ వాడొచ్చు, కాని దాన్ని పేర్ల ఇలాకాల ప్రయోగాల కోసం అట్టిపెట్టాం, దాని అర్థం తర్వాత తేలుస్తాం అన్నారు. ఇల్లు కట్టి, ఒక తలుపు పెట్టి, దాని వెనక గది తర్వాత కడతామన్నట్టు.

ఆ గది ఎందుకు కావలసి వచ్చింది? మా ఊళ్లో షేక్ మస్తాన్లు అయిదుగురు. ఎవరి వీధిలో వాళ్లను మస్తాన్ అంటే చాలు. అయిదుగురూ ఒకే పెళ్లిలో హాజరైతే సైకిల్ మస్తాన్, మిల్లు మస్తాన్ అనాలి. ట్యాగులతో కూడా అంతే. ఒక పుస్తకాల జాబితాలో "టైటిల్" అంటే కితాబు పేరు. ఉద్యోగుల జాబితాలో "టైటిల్" అంటే హోదా. వెబ్ పేజీలో "టైటిల్" అంటే పై పట్టీలో కనిపించే పేరు. ఎవరి ఫైలులో వాళ్లుంటే ఫరక్ పడదు. వెబ్ పేజీ లోపల గణిత సమీకరణం, దాని పక్కన బొమ్మ, దాని పక్కన పుస్తకం వివరం పెట్టాలన్న ఆశ 1998లో బలంగా ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే గణితం రాసే మాథ్ఎంఎల్ వచ్చేసింది. అన్నీ ఒకే ఫైలులో చేరితే ఏ టైటిల్ ఎవరిది?

జవాబు రెండు మెట్లలో వచ్చింది. ప్రతి ఇలాకాకు ప్రపంచంలో ఇంకెవరికీ లేని పెద్ద పేరు పెట్టాలి. అందుకు వెబ్ చిరునామా రూపం ఎంచుకున్నారు. చిరునామా ఎవరిదో వాళ్లే కదా దాని హక్కుదారు, ఇంకొకరితో తగాదా రాదు. కాని ప్రతి ట్యాగు ముందూ అంత పొడుగు పేరు రాయలేం. అందుకని ఒక పొట్టి లఖబ్ పెట్టుకుని, కోలన్ కొట్టి, ట్యాగు పేరు రాయాలి. ఆ లఖబ్‌నే ప్రిఫిక్స్ అంటారు. ఫలానా లఖబ్ అంటే ఫలానా పెద్ద పేరు అని ఎక్కడో ఒకచోట ప్రకటించాలి. ఎక్కడ? అసలు బహస్ ఇక్కడే.

1998 మార్చి నాటి ముసాయిదాలో ఆ ప్రకటన ఫైలు మొదట్లో, మూల ట్యాగు కంటే ముందు ఒక ప్రత్యేక ఆదేశంగా ఉండేది. ఫైలంతటికీ ఒకే జాబితా. ఆగస్టు ముసాయిదాకు వచ్చేసరికి దాన్ని తీసేసి, ఏ ట్యాగులోనైనా "ఎక్స్ఎంఎల్ఎన్ఎస్" అనే గుణంగా రాసుకోవచ్చన్నారు. ఆ ట్యాగు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా దాని హుకుం చెల్లుతుంది. లోపలి ట్యాగు అదే లఖబ్‌ను ఇంకో పెద్ద పేరుకు మార్చుకోవచ్చు. అది మూసుకోగానే పాత అర్థం తిరిగొస్తుంది. దీనివల్ల ఒక ముక్క తన ప్రకటన తనే మోసుకుని ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలులోకి వలస పోగలదు. మంచి ఆలోచనే. మోసుకుపోగలదన్నారు గాని, మోసుకుపోవాలన్న జబర్దస్తీ పెట్టలేదు. రాసేవాళ్లు ఏం చేశారు? బరువెందుకని ప్రకటనలన్నీ మూల ట్యాగులోనే కుప్పగా పెట్టి, లోపలంతా లఖబ్‌లతో సరిపెట్టారు. అచ్చం మా నానా మొదటి కాగితంలో తఫ్సీలంతా రాసి, మిగతా కాగితాల్లో సదరు, సదరు అని నడిపించినట్టే.

మార్చి ముసాయిదా పద్ధతి పోయిందనుకున్నారు గాని, దాని అవశేషం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో తెలుగు వ్యాసం టైపు చేసి బ్లాగులో అతికిస్తే, పేరాల మధ్య "ఓ కోలన్ పీ" అని ఒక వింత ట్యాగు వచ్చి చేరేది. దాని ముందు ప్రశ్నార్థకంతో మొదలయ్యే ఒక ప్రకటన కూడా ఉండేది. "ఓ" అంటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఇలాకా అని చెప్పే ఆ ప్రకటన రూపం రద్దయిన ముసాయిదాదే. ప్రమాణం మారింది, ప్రోగ్రాము మారలేదు. నేను ఏళ్ల తరబడి దాన్ని చేత్తో తుడిచాను, ఏమిటో తెలియకుండా.

1999 జనవరి 14న టిమ్ బ్రే, డేవ్ హాలండర్, ఆండ్రూ లేమన్ సంపాదకత్వంలో నేమ్‌స్పేస్ ప్రమాణం వచ్చింది. ఎక్స్ఎంఎల్ వచ్చిన పదకొండు నెలలకు. ఈ పదకొండు నెలల తేడా చిన్నది కాదు. దానివల్ల ఒకే ఫైలు మీద రెండు చట్టాలు అమల్లోకి వచ్చాయి. పాత చట్టం ప్రకారం కోలన్ కూడా పేరులో ఒక అక్షరమే. తెరిచిన ట్యాగు మూస్తే చాలు, లఖబ్ ఎవరిదని అడగదు. కొత్త చట్టం ప్రకారం ప్రకటించని లఖబ్ వాడితే తప్పు. అంటే ప్రకటన లేని ఫైలు ఒక కచేరిలో సహీ, పక్క కచేరిలో గలత్.

ఫైలు చదివే ప్రోగ్రాములు (వీటిని పార్సర్లు అంటారు) దీన్ని తలా ఒక రకంగా తీసుకున్నాయి. జేమ్స్ క్లార్క్ రాసిన ఎక్స్‌పాట్‌ను ఇలాకాలు గమనించమని చెప్పకపోతే ఏమీ అనదు. చెబితే "అన్‌బౌండ్ ప్రిఫిక్స్" అని అక్కడే ఆగిపోతుంది. జావా లోకంలో జెర్సెస్ కూడా ఆ లఖబ్ దేనికీ కట్టి లేదని చెప్పి ఆపేస్తుంది. డేనియల్ వీయార్ గ్నోమ్ కోసం మొదలుపెట్టిన లిబ్ఎక్స్ఎంఎల్2 తీరు వేరు. "నేమ్‌స్పేస్ ఎర్రర్" అని ఫిర్యాదు రాసి, అయినా ఫైలు చివరిదాకా చదువుతుంది. ఆ లఖబ్‌నూ కోలన్‌నూ కలిపి ఒకే పొడుగు పేరుగా ఉంచేస్తుంది. దాని మీద కట్టిన ప్రోగ్రాములు కొన్ని ఆ ఫిర్యాదును చూపిస్తాయి, కొన్ని దాచేస్తాయి. మీ దగ్గర చెడిన ఫైలు మీ మిత్రుడి దగ్గర బాగానే తెరుచుకుందంటే ఫైలు మారలేదు, చట్టం మారింది.

నేమ్‌స్పేస్ ప్రమాణం వచ్చిన నెలలోపే, 1999 ఫిబ్రవరిలో, జేమ్స్ క్లార్క్ ఒక చిన్న వివరణ రాశాడు. అందులో లఖబ్ ఊసే లేకుండా, మీసాల బ్రాకెట్లో పెద్ద పేరు పెట్టి, దాని పక్కన ట్యాగు పేరు రాసి చూపించాడు. అసలు పేరు ఇదీ, లఖబ్ కేవలం రాత సౌలభ్యం అని. పైథాన్‌లో ఇవాళ్టికీ ట్యాగులు ఆ మీసాల బ్రాకెట్లతోనే కనిపిస్తాయి. కొత్తవాళ్లు చూసి దడుచుకుంటారు, పాపం. అది తప్పు కాదు, దస్తావేజులో "సదరు" కొట్టేసి పూర్తి పేరు రాయడమే.

ఆ పెద్ద పేరు వెబ్ చిరునామాలా ఉండటం వల్ల ఇంకో గందరగోళం పుట్టింది. దాన్ని బ్రౌజరులో కొడితే ఏం రావాలి? ప్రమాణం ప్రకారం ఏమీ రానక్కర్లేదు, అది పేరు మాత్రమే. అక్షరం అక్షరం పోల్చి చూస్తారు. చివర ఒక ఏటవాలు గీత ఎక్కువైనా, మొదట్లో "ఎస్" ఒకటి చేరినా అది ఇంకో పేరే. 2000లో దీని మీద పెద్ద లడాయి జరిగింది. సగం చిరునామా రాసి మిగతాది ఫైలు ఉన్న చోటును బట్టి పూరించుకోవచ్చా అని. ఈమెయిళ్లు కుప్పలుగా పడ్డాయి. చివరికి సగం చిరునామాలు వాడొద్దని ఫైసలా ఇచ్చారు. చిరునామాలా కనిపించేది దేన్నయినా పోయి తెచ్చుకునే ప్రోగ్రాముల బెడద మాత్రం తగ్గలేదు. 2008లో వెబ్ కన్సార్టియం తన గోడు వెళ్లబోసుకుంది. ఏళ్లుగా మారని తమ ప్రమాణ ఫైళ్ల కోసం రోజుకు 13 కోట్ల దాకా అభ్యర్థనలు వస్తున్నాయని.

ఇక పెద్ద ఫైళ్ల సంగతి. మొదట్లో ఎక్స్ఎంఎల్ చదవడమంటే ఫైలునంతా జ్ఞాపకంలోకి ఎక్కించి చెట్టులా నిలబెట్టడం. 1998 అక్టోబరులో వచ్చిన డామ్ ప్రమాణం ఆ దారి. చెట్టు ఫైలు కంటే ఎన్నో రెట్లు చోటు తింటుంది. ఫైలు పెద్దదైతే కంప్యూటరు చేతులెత్తేస్తుంది. రెండో దారి సాక్స్. దాన్ని ఏ కంపెనీ, ఏ సర్కారు చేయలేదు. ఎక్స్ఎంఎల్-డెవ్ అనే ఈమెయిల్ బృందంలో పీటర్ మర్రే-రస్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక్కో పార్సర్‌కు ఒక్కో తీరులో ప్రోగ్రాము రాయలేక విసుగెత్తి, 1997 చివర్లో అందరికీ ఒకే తీరు కావాలని అడిగాడు. డేవిడ్ మెగిన్సన్ దాన్ని ముందుకు నడిపించాడు. 1998 మేలో సాక్స్ 1.0 వచ్చింది. ఇందులో చెట్టు ఉండదు. పార్సర్ ఫైలును మొదటి నుంచి చదువుతూ "ఈ ట్యాగు తెరుచుకుంది, ఈ మాటలు వచ్చాయి, ఈ ట్యాగు మూసుకుంది" అని నకీబులా కేక వేస్తూ పోతుంది. ఎంత పెద్ద ఫైలైనా జ్ఞాపకం కొంచెమే చాలు.

సాక్స్ 1.0 మాత్రం ఇలాకాల చట్టం రాకముందు పుట్టింది. అందువల్ల లఖబ్ సంగతి దానికి తెలియదు. 2000 మేలో వచ్చిన సాక్స్ 2లో ఆ లోటు తీర్చారు. లఖబ్ ప్రకటన మొదలైనప్పుడు ఒక కేక, దాని గడువు తీరినప్పుడు ఒక కేక. ప్రతి ట్యాగుకూ పెద్ద పేరు, చిన్న పేరు, రాసినది రాసినట్టు ఉన్న పేరు, మూడూ ఇస్తారు. లోపల జరిగేది తేలికే. పార్సర్ దగ్గర పళ్లేల దొంతరలాంటి జాబితా ఉంటుంది. ట్యాగు తెరిచినప్పుడల్లా అందులోని ప్రకటనలతో ఒక పళ్లెం పైన పెడుతుంది, మూసినప్పుడు తీసేస్తుంది. లఖబ్ కనిపిస్తే పై నుంచి కిందికి వెతుకుతుంది. అడుగున ఉన్నది మూల ట్యాగు పళ్లెం. అక్కడ కూడా లేకపోతే ఫిర్యాదు. ఇందులో ఇంకో నఖరా ఉంది. ఒకే ట్యాగులో లఖబ్ ముందు వాడి, దాని ప్రకటన తర్వాత రాయొచ్చు. కాబట్టి ట్యాగు మొత్తం చదివితే గాని పార్సర్ ఫైసలా చెప్పలేదు.

ఇప్పుడు నా కథకు వస్తాను. పదేళ్లకు పైగా రాసిన బ్లాగును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలి. నానా చెప్పిన ముచ్చట్లు, కచేరి మాటల మీద రాసినవి, నాలుగు వందల పైచిలుకు టపాలు. వాటి కింద పాఠకుల వ్యాఖ్యలు. వర్డ్‌ప్రెస్ ఎగుమతి ఫైలు నిజానికి ఆర్ఎస్ఎస్ రూపంలోని ఎక్స్ఎంఎల్. దాని మూల ట్యాగులో అయిదు ఇలాకాల ప్రకటనలుంటాయి: ఎక్సర్ప్ట్, కంటెంట్, డబ్ల్యూఎఫ్‌డబ్ల్యూ, డీసీ, డబ్ల్యూపీ. ఫైలు 60 మెగాబైట్లు. ఇవాళ్టి లెక్కలో పెద్దది కాదు. కొత్త చోట మాత్రం 8 మెగాబైట్లకు మించి ఇజాజత్ లేదు. ఆ పరిమితిలో తప్పేమీ లేదు, తప్పు నాదే. ఫైలును ఎడిటరులో తెరిచి, టపా మూసిన చోట చూసి మరీ ఎనిమిది ముక్కలు చేశాను. ప్రతి ముక్కకూ ముందూ వెనకా ఆర్ఎస్ఎస్, చానల్ ట్యాగులు ఉత్తివే చేత్తో తగిలించాను. తూకం సరిపోయింది. మొదటి ముక్క ఎక్కింది. రెండో ముక్క దగ్గర ఫిర్యాదు. ప్రకటనలన్నీ మొదటి ముక్క నెత్తిన ఉండిపోయాయి కదా.

అప్పుడు నాకు ఇవన్నీ తెలియవు. ఒకచోట ఒక సలహా చదివాను. లఖబ్‌లన్నీ వెతికి తుడిచేయండి, ఫిర్యాదు పోతుంది. తుడిచాను. పోయింది. ఒక చిన్న ప్రోగ్రాము రాసి ముక్కలన్నీ చదివించి టపాలను పట్టికలోకి ఎక్కించాను. శీర్షికలన్నీ వచ్చాయి. టపాలన్నీ ఖాళీ. ఒక్క మాట లేదు.

కారణం తెలుసుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ ఫైలులో ప్రతి టపాకూ "కంటెంట్ కోలన్ ఎన్‌కోడెడ్" అని ఒక ట్యాగు ఉంటుంది, అందులో టపా మొత్తం. దాని వెంటనే "ఎక్సర్ప్ట్ కోలన్ ఎన్‌కోడెడ్" అని ఇంకొకటి, అందులో టపా సారాంశం. నేను సారాంశాలు ఎప్పుడూ రాయలేదు, కాబట్టి అది ఖాళీ. లఖబ్‌లు తుడిచేసరికి రెండూ ఉత్తి "ఎన్‌కోడెడ్" అయ్యాయి. నా ప్రోగ్రాము మొదటిదాన్ని తీసుకుని, రెండోది రాగానే దాని మీద ఖాళీ రాసేసింది. సైకిల్ మస్తాన్ జమ అంతా మిల్లు మస్తాన్ ఖాతాలో పడి కొట్టుకుపోయినట్టు. ఏ తగాదా తీర్చడానికి 1999లో ఇలాకాలు పెట్టారో, ఆ తగాదాను నేను నా చేత్తో తిరిగి తెచ్చుకున్నాను. పైగా ఏ ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదు చేసే నోరే నేను నొక్కేశాను కదా.

ఇలాంటి నిశ్శబ్ద నష్టం ఇంకో రకంగా కూడా జరుగుతుంది. వికీపీడియా తన వ్యాసాలన్నిటినీ ఎక్స్ఎంఎల్ మూటలుగా ఎవరైనా దించుకోవడానికి పెడుతుంది. తెలుగు వికీపీడియా మూట చిన్నదే, ఇంగ్లీషుది విప్పితే పదుల గిగాబైట్లు. ఆ ఫైలులో లఖబ్‌లు కనబడవు. మూల ట్యాగులో లఖబ్ లేని ప్రకటన ఒకటుంటుంది, లోపలి ట్యాగులన్నీ దాని కిందికే వస్తాయి. కొత్తగా చేసేవారు "పేజీ" ట్యాగులన్నీ ఇవ్వు అని ఎక్స్‌పాత్‌లో అడుగుతారు. జవాబు సున్నా. 1999 నవంబరు నాటి ఎక్స్‌పాత్ 1.0 ప్రకారం లఖబ్ లేని పేరు అడిగితే ఏ ఇలాకాలోనూ లేని ట్యాగు అడిగినట్టే. సరేనని ఒక లఖబ్ పెట్టి అడిగితే, ఆ లఖబ్ ఎవరో చెప్పకుండా అడిగినందుకు మళ్లీ "నిర్వచించని ప్రిఫిక్స్" అంటుంది. ఇక్కడ తప్పు ఫైలులో లేదు, సవాలులో ఉంది. మీ లఖబ్‌కూ పెద్ద పేరుకూ ఉన్న జోడీని సవాలుతో పాటు ఇవ్వాలి. ఆ పెద్ద పేరులో మూట రూపం సంఖ్య కూడా ఉంటుంది. అది మారినప్పుడు పాత సంఖ్యతో రాసిన ప్రోగ్రాములు మళ్లీ సున్నా చూపిస్తాయి.

డిజిటల్ దస్కతు పెట్టిన ఫైళ్లలో ఇది ఇంకా సున్నితం. దస్కతు చేసిన ముక్కను ఇంకో కవరులో పెడితే, కవరు మీది ప్రకటనలు కూడా ముక్క లెక్కలోకి వచ్చి దస్కతు చెల్లకుండా పోయేది. దానికోసం 2002 జూలైలో ప్రత్యేకంగా ఒక ప్రమాణం రాయాల్సి వచ్చింది. ముక్క తను వాడే లఖబ్‌ల ప్రకటనలు మాత్రమే లెక్కలో వేసుకోవాలని.

మరి చేయవలసింది ఏమిటి? పెద్ద ఫైలును ఎడిటరుతోనో, వరసల లెక్కతోనో కోయకూడదు. సాక్స్ తరహా పార్సర్‌తో మొదటి నుంచి చదువుతూ, ఒక్కో టపా దొరకగానే, ఆ క్షణాన దొంతరలో ఉన్న ప్రకటనలన్నీ దాని మూల ట్యాగులో రాసి బయటికి పంపాలి. పైథాన్ ఇటర్‌పార్స్‌లో ప్రకటనలను విడిగా తెలియజేసే "స్టార్ట్-ఎన్ఎస్" అనే సంకేతం ఉంది. వాడిన ట్యాగును వెంటనే ఖాళీ చేయాలి, లేకపోతే చెట్టు మెల్లగా పెరిగి జ్ఞాపకమంతా తింటుంది. ఆ పనిముట్టు తిరిగి రాసేటప్పుడు మీ లఖబ్‌లను పక్కనపెట్టి "ఎన్ఎస్0", "ఎన్ఎస్1" అని తన లఖబ్‌లు పెట్టేస్తుంది. చట్టం ప్రకారం ఫరక్ లేదు. కాని లఖబ్‌నే అక్షరాలా వెతికే ప్రోగ్రాములు లోకంలో చాలా ఉన్నాయి, వాటి కోసం పాత లఖబ్‌లు ముందే నమోదు చేసి పెట్టుకోవాలి.

తలలేని ముక్క మాత్రమే చేతికొస్తే, దాన్ని ఒక మూల ట్యాగులో చుట్టి ప్రకటనలు చేర్చొచ్చు. ఆ పెద్ద పేర్లు అసలు ఫైలు తల నుంచి గాని, ఆ రూపం ప్రమాణం నుంచి గాని తెచ్చుకోవాలి. ఊహించి రాస్తే ఫిర్యాదు పోతుంది, అర్థం రాదు. రైతు దస్తావేజులో సదరు స్థానంలో నానా తనకు తోచిన పేరు రాసి ఇచ్చినట్టవుతుంది. తప్పులను చూసీ చూడనట్టు పోయే "రికవర్" పద్ధతి కూడా పార్సర్లలో ఉంది. ఫైలులో ఏముందో తొంగి చూడటానికి పరవాలేదు, జమాఖర్చులకు వాడొద్దు. పదుల గిగాబైట్ల ఫైలులో తప్పు చివరి గిగాబైటులో ఉండొచ్చు. అక్కడిదాకా చదివితే గాని పార్సర్‌కూ తెలియదు. అందుకే నేనిప్పుడు ముందొక విడత ఏమీ రాయకుండా, లఖబ్‌ల కోసమే ఫైలంతా చదివిస్తాను. కొంత టైము పోతుంది. సగం ఎక్కించిన పట్టికను కడుక్కోవడం కంటే నయం.

నా అసలు ఫైలు మీద నేను ముక్కలు చేసి, తుడిచి, దాచేసి ఉన్నాను. పాత చోట ఖాతా అప్పటికే మూసేశాను. మా తమ్ముడి పెన్‌డ్రైవులో ఒక నకలు దొరికింది. వాడికి అదేమిటో కూడా తెలియదు, పెళ్లి ఫోటోల పక్కన పడి ఉంది. ఈసారి పార్సర్‌తోనే విడదీశాను. నలభై వరసల ప్రోగ్రాము. టపాలు వచ్చాయి, తారీఖులు వచ్చాయి, వ్యాఖ్యలు వచ్చాయి.

వ్యాఖ్యల కోసమే నా గుండె కొట్టుకుంది, నిజం చెప్పాలంటే. టపాలు మళ్లీ రాసుకోగలను. కడప వైపు నుంచి ఒక పెద్దాయన, రిటైరైన ఉర్దూ మాస్టారు, నా ప్రతి టపా కిందా ఒక దిద్దుబాటు పెట్టేవారు. ఆయన ఇంతకాలమై రెండేళ్లు దాటింది. నేను దస్తావేజుల మీద రాసిన టపా కింద ఆయన వ్యాఖ్య వెతికాను. సదరు అనేది అరబీ "సద్ర్" నుంచి వచ్చింది బాబూ, దానికి ఛాతీ అనీ, ముందుభాగం అనీ, పైభాగం అనీ అర్థాలున్నాయి, కాబట్టి సదరు అంటే "పైన చెప్పిన" అన్నమాట, మీరు "అట్టి" అని అర్థం రాశారు, సరిచేయండి అని రాశారు. అప్పట్లో సరిచేస్తానని జవాబిచ్చి మరిచిపోయాను. కొత్త చోట టపా ఎక్కాక ఆ వరస సరిచేశాను. ఆయన వ్యాఖ్య దాని కిందే, పాత తారీఖుతోనే ఉంది.